రంపం పట్టినవాళ్ళ రాజకీయం

రోహిణి కార్తె చివర్లో, మృగశిర ఇంకా ప్రవేశించకముందే, హైదరాబాదు మీద ఏదో ఒక సాయంత్రం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడుతుంది. గంటసేపు ఈదురుగాలి వీస్తుంది, నాలుగు చినుకులు పడతాయి, కరెంటు పోతుంది. ఆ గంటలోనే పాతబస్తీలో ఎక్కడో ఒక తురాయి వేళ్ళతో సహా కూలుతుంది. ఇంకెక్కడో నిద్రగన్నేరు కొమ్మ తీగల మీద పడుతుంది. ఇక తెల్లవారేదాకా కొందరు మనుషులకు నిద్ర ఉండదు. రంపాలు, మోకులు, నిచ్చెనలు, టార్చిలైట్లు పట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతారు. పొద్దున మనం పాలప్యాకెట్టు కోసం బయటికొచ్చేసరికి రోడ్డు మీద రంపపు పొట్టు తప్ప ఏమీ ఉండదు.

ఆ మనుషులు పొద్దున్నే శాలిబండలో ఒక ఇరానీ హోటల్లో కూచుని వాదించుకునే మాటల గురించే ఈ ప్రసంగం. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టర్ని. వాళ్ళ బల్ల దగ్గరికి కుర్చీ లాక్కోవడం కొన్నేళ్ళుగా అలవాటైపోయింది. అక్కడ లైన్‌మన్‌గా పనిచేసి దిగిపోయిన ఒక పెద్దాయన ఉంటాడు, అందరూ చిచ్చా అని పిలుస్తారు. కాంట్రాక్టరు కింద కొమ్మలు కొట్టే ఇద్దరుంటారు. ఒకాయనది మహబూబ్‌నగర్ జిల్లా, తాళ్ళెక్కే గౌడ కుటుంబం, అందుకే గౌడన్న అంటాం. రెండో కుర్రాడు పరిగి వైపు నుంచి వచ్చినవాడు. దేవిడీల్లో తోటపని చేస్తూ ముసలివాడైన మాలీ ఒకాయన. చెట్టు పని మీద మొదలైన మాట పది నిమిషాల్లో ఓట్ల మీదికి, కూలీ రేట్ల మీదికి, మూసీ మీదికి, మెట్రో మీదికి పోతుంది. మళ్ళీ తిరిగి చెట్టు మీదికే వస్తుంది.

వాళ్ళ మాటలు ఇన్నేళ్ళుగా విన్నాక నాకొక సంగతి గట్టిగా చెప్పాలనిపించింది. మన నగరంలో చెట్టు బతకాలా పోవాలా అన్న నిర్ణయంలో ఇంజనీరుకు చోటుంది. అటవీ అధికారికి చోటుంది. కోర్టుకుంది, నాయకుడికుంది, చెట్టును కావలించుకుని నిలబడే పౌరుడికీ ఉంది. కొమ్మ మీద నిలబడి ఆ చెట్టు బరువు ఎటుందో కాళ్ళతో తెలుసుకునేవాడికి మాత్రం లేదు. ఉండాలి.

ఎందుకుండాలో తెలియాలంటే ముందు వాళ్ళ పని చూడాలి.

తొడ లావు కొమ్మను తీయాలనుకోండి. తెలియనివాడు కాండం పక్కనే రంపం పెట్టి పైనుంచి కోస్తాడు. సగం కోత అయ్యేసరికి కొమ్మ బరువుకు వంగి, కిందివైపు బెరడును బారెడు పొడుగున చీల్చుకుంటూ పడుతుంది. ఆ చీలిక కాండం మీదికి దిగితే చెట్టుకు జన్మలో పూడని గాయం. తెలిసినవాడు కాండానికి జానెడు దూరంలో ముందు కింది నుంచి గాటు పెడతాడు. దానికి రెండంగుళాలు అవతల పైనుంచి కోస్తాడు. కొమ్మ విరుగుతుంది కాని, బెరడు చీలిక కింది గాటు దగ్గరే ఆగిపోతుంది. ఇక మిగిలిన మొద్దును తీసే మూడో కోతలోనే అసలు పనితనముంది. కొమ్మ కాండంలో కలిసే చోట ముడతలు పడిన చిన్న ఉబ్బు ఉంటుంది. గౌడన్న ఆ ఉబ్బు మీద బొటనవేలు పెట్టి, వేలికి అవతల రంపం ఆనిస్తాడు. ఉబ్బును కోయడు, మొద్దును వదలడు. కోత అయ్యాక చూస్తే గుండ్రంగా, చదునుగా ఉంటుంది. రెండు మూడేళ్ళకు చుట్టూ పెదవుల్లాగా బెరడు పెరిగి మూసుకుంటుంది.

అమెరికా అటవీశాఖలో అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త ఉండేవాడు. వేల చెట్లను రంపంతో నిలువునా చీల్చి, లోపల గాయాల చరిత్ర చదివినవాడు. చెట్టుకు తగిలిన గాయం మన గాయం మానినట్టు మానదని 1970లలో ఆయన నిరూపించాడు. పాడైన చెక్క పాడైనట్టే ఉంటుంది. చెట్టు దాని చుట్టూ అడ్డుగోడలు కట్టి, కుళ్ళు దాటి రాకుండా ఆపి, వెలుపల కొత్త చెక్క వేసుకుంటుంది. ఆ గోడలు కట్టే శక్తి ఎక్కువగా ఆ ఉబ్బులోనే ఉంటుంది. కోసినచోట తారు పూసినా, రంగు పూసినా పెద్దగా ఉపయోగం లేదని కూడా ఆయనే చెప్పాడు. ఈ చివరి సంగతి నేను బల్ల దగ్గర చెబితే మాలీ తాత ఒప్పుకోలేదు. "పేడ, ఎర్రమట్టి కలిపి పెడితే ఆగుతది సార్, నేను పెట్టిన మామిడి చెట్లు ఇంకా కాస్తున్నయి" అన్నాడు. ఆ మామిళ్ళు బతికింది పేడ వల్లనా, ఆయన చేతికోత వల్లనా అన్నది మా మధ్య ఇంకా తేలలేదు. నా ఓటు చేతికోతకే.

ఇంత నేర్పు తెలిసినవాళ్ళ చేత మనం చేయించేదేమిటి? బోడి చేయించడం. తీగకు తగిలేది ఒక్క కొమ్మ. మళ్ళీ ఏడాది దాకా ఫిర్యాదు రాకూడదని చెట్టు తల మొత్తం తీయిస్తారు. మోడు నుంచి నెల తిరగకుండా గుత్తులు గుత్తులుగా చిగుళ్ళు లేస్తాయి. చూసేవాళ్ళు చెట్టు తేరుకుందని సంతోషిస్తారు. నిజానికి ఆ చిగుళ్ళు లోపలి చెక్కలో నాటుకున్నవి కావు, బెరడు కింద పైపైన అంటుకుని లేచినవి. మూడేళ్ళకు చేయి లావవుతాయి. మోడు పైభాగం ఈలోపు కుళ్ళుతుంది. నాలుగో ఏడు ఈదురుగాలికి అవే విరిగి ఆటో మీదో మనిషి మీదో పడతాయి. పేపర్లో "గాలివానకు కూలిన చెట్టు" అని వస్తుంది. నాలుగేళ్ళ కిందటి ఉత్తర్వు సంగతి ఎవరూ రాయరు.

చిచ్చాకు ఒక అలవాటుంది. కూలిన చెట్టు దగ్గరికి వెళ్ళగానే కొమ్మల వైపు చూడడు, వేర్ల వైపు వెళ్ళి టార్చి వేస్తాడు. ఒకసారి నన్నూ పిలిచి చూపించాడు. పెద్ద తురాయి. వేర్ల పళ్ళెం ఒక పక్క సహజంగా చిరిగింది, పీచు పీచుగా, తెల్లగా, తడిగా. రెండో పక్క వేర్లు కత్తితో కోసినట్టు ఒకే వరసలో తెగి ఉన్నాయి. తెగిన ముఖాలు నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా పొడి రాలుతున్నాయి. "ఏ దేఖో మాస్టర్ సాబ్, దో తీన్ సాల్ పహ్లే కా కట్" అన్నాడు. రెండు మూడేళ్ళ కింద ఎవరో పైపు కోసం కందకం తవ్వి, ఒక వైపు వేర్లన్నీ తెంపేశారు. మీద మట్టి కప్పి, సిమెంటు పోసి వెళ్ళిపోయారు. చెట్టు ఒంటికాలి మీద అన్నాళ్ళు నిలబడింది. కొమ్మలు చూసే అధికారికి ఈ కథ తెలియదు. మొదలు దాకా సిమెంటు పోయడం ఎంత ప్రమాదమో గుర్తించే, ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. మన గల్లీల్లో మీటరు మాట దేవుడెరుగు, జానెడు మట్టి కనబడినా గొప్పే.

ఎన్నికల ముచ్చట వచ్చినప్పుడు వీళ్ళ బాధ వేరు. ఏ పార్టీ గెలుస్తుందన్న పందేలు అందరితో పాటే వేసుకుంటారు. ఆ తర్వాత మేకుల లెక్క వస్తుంది. బోర్డులు, ఫ్లెక్సీలు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు అన్నీ చెట్టుకే కొడతారు. ఏళ్ళ తరబడి బెరడు పెరిగి ఆ మేకును మింగేస్తుంది, పైకి కనబడదు. మిషన్ రంపం దానికి తగిలితే చైను తెగుతుంది, ఎగిరి మొహానికి తగలొచ్చు. "ఓటు ఎవరికన్న వెయ్యనీ సార్, మేకు మాత్రం చెట్టుకు కొట్టకుండ్రని జెప్పుండ్రి" అని గౌడన్న నాతో అన్నాడు. చెప్పమన్నాడు కనుక చెబుతున్నాను.

పాతబస్తీలో పండగల ముందు వీళ్ళకు చేతినిండా పని. మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఏనుగు మీద చాదర్‌ఘాట్ దాకా సాగుతుంది. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలు, అక్కన్న మాదన్న గుడి ఘటం. వినాయక నిమజ్జనం నాడు బాలాపూర్ నుంచి బయలుదేరిన ఊరేగింపు చార్మినార్ మీదుగా హుస్సేన్ సాగర్ వైపు కదులుతుంది. ఏ ఊరేగింపుకైనా ముందు దారి పొడుగునా కొమ్మలు తీయాలి, తీగలు సర్దాలి. అందరి పండక్కీ రంపం పట్టేది వీళ్ళే. ఒకరి పండక్కి ఎక్కువ కొమ్మలు పోయాయని, ఇంకొకరి పండక్కి తక్కువ పోయాయని బయట మాటలు పుడతాయి. బల్ల దగ్గరా పుడతాయి. ఒక ఏడు ఈ విషయం మీద పరిగి కుర్రాడికీ చిచ్చాకీ గట్టిగానే మాటామాటా పెరిగింది. చిచ్చా చివరకు ఒక పద్ధతి చెప్పాడు: వెదురు గడ ఒకటి తీసుకోండి, ఏనుగు మీది ఆలం ఎత్తుకో విగ్రహం ఎత్తుకో దాన్ని కోయండి, నిట్టనిలువుగా పట్టుకుని దారంతా నడవండి, గడకు తగిలిన కొమ్మకే సున్నం గుర్తు పెట్టండి. గుర్తున్నదే కొట్టాలి. ఎవరి పండగైనా అదే గడ, అదే సున్నం. మత సామరస్యం మీద నేను విన్న ఉపన్యాసాల్లో ఇంత పనికొచ్చే మాట ఇంకొకటి లేదు.

తీగల భయం మాత్రం అందరిదీ. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం లాగుతుండగా కరెంటు షాకు కొట్టి ఐదుగురు చనిపోయారు. ఆ వారమంతా బల్ల దగ్గర వేరే మాట లేదు. ఎల్‌సీ తీసుకోకుండా, అంటే సబ్‌స్టేషన్‌లో లైను ఆపించి రాతపూర్వకంగా ఖాయం చేసుకోకుండా చెట్టెక్కేది లేదని చిచ్చా కుర్రాళ్ళకు మళ్ళీ మళ్ళీ చెప్పాడు. పైనుంచి తొందరపెట్టే ఫోను వస్తే ఏం చేయాలని కుర్రాడు అడిగాడు. "ఫోను చేసినోణ్ణి వచ్చి ఎక్కమను" అన్నాడు చిచ్చా.

గీత కార్మికులకు ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తాళ్ళెక్కేటప్పుడు జారినా కిందపడకుండా ఆపే తాడు, బెల్టు, కొక్కేలు అందులో ఉన్నాయి. ఎంతో మంచి పని. గౌడన్న వాళ్ళ అన్న ఊళ్ళో కల్లు గీస్తాడు, ఆయనకు కిట్టు అందింది. ఈయన నగరంలో అంతకంటే వంకర చెట్లు, కరెంటు తీగల మధ్య ఎక్కుతాడు. నడుముకు నైలాన్ తాడే. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో తాటిచెట్టెక్కేవాడి ప్రాణానికున్న విలువ వేపచెట్టెక్కేవాడి ప్రాణానికి ఎందుకుండదో చెప్పాల్సిన బాధ్యత నగరాన్ని నడిపేవాళ్ళ మీదుంది.

వేప అంటే గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కింద తెలంగాణ అంతటా వేపచెట్లు కొనల నుంచి ఎండిపోవడం మీరంతా చూసే ఉంటారు. ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. కొందరు అరిష్టమన్నారు. అసలు సంగతి ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే కొమ్మ ఎండు తెగులు. దానికి తోడు టీ దోమ అనే పురుగు లేత చిగుళ్ళను కుట్టి రసం పీలుస్తుంది. కార్బెండజిమ్ పిచికారీ చేయమని, తర్వాత పురుగుమందు కొట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచించారు. నలభై అడుగుల వేపకు పిచికారీ ఎవరు చేయగలరు? అప్పుడు బల్ల దగ్గర చర్చ ఏమిటంటే, ఎండిన చెట్లన్నీ కొట్టేయమని పైనుంచి మాట వస్తే ఒప్పుకోవాలా వద్దా అని. మాలీ తాత గోటితో బెరడు గీకి చూపించాడు. లోపల పచ్చగా, తడిగా ఉంది. "ఇది సావలే. వానలు పడనీయ్" అన్నాడు. వానలు పడ్డాక చాలా వేపలు చిగిర్చాయి. గోటితో గీకి చూసే ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఆర్డరు మీద సంతకం పెట్టే ముందు ఆ ఒక్క పని చేయించినా ఎన్నో చెట్లు మిగులుతాయి.

కోనోకార్పస్ కథ దీనికి తలకిందులు. మొక్కలు నాటే ప్రభుత్వ పథకం హరితహారం 2015లో మొదలైంది. ఆ ఏళ్ళలో రోడ్ల మధ్య, పార్కుల చుట్టూ త్వరగా పచ్చగా కనబడాలని ఈ మొక్కను విపరీతంగా పెట్టారు. పశువు ముట్టదు, నీళ్ళు లేకున్నా బతుకుతుంది, ఏడాదిలో గోడలా లేస్తుంది. తర్వాత పుప్పొడితో ఊపిరి ఇబ్బందులొస్తున్నాయని, వేర్లు పైపుల్లోకి పోతున్నాయని గోల మొదలైంది. 2022లో ఇక నాటొద్దని ప్రభుత్వమే ఆదేశించింది. నాటిన చేతులే పీకాల్సి వచ్చింది. హరితహారం వల్ల మంచి జరగలేదని నేననను. నగరానికి 2022లో అంతర్జాతీయ గ్రీన్ సిటీ అవార్డు వచ్చింది, ఆ పచ్చదనం కళ్ళకు కనబడుతోంది. కాని ఏ మొక్క ఏ వీధికి సరిపోతుందో మాలీ తాత లాంటివాణ్ణి ముందే అడిగి ఉంటే కానుగ పెట్టమనేవాడు, వేప, నేరేడు పెట్టమనేవాడు. పదేళ్ళకు నీడ వచ్చేది.

అన్నిటికంటే పెద్ద గొడవ చేవెళ్ళ మర్రుల మీద జరిగింది. హైదరాబాదు నుంచి బీజాపూర్ పోయే 163వ నంబరు జాతీయ రహదారికి, చేవెళ్ళ దారిలో, రెండు వైపులా దాదాపు తొమ్మిది వందల మర్రి చెట్లు. రోడ్డు నాలుగు వరసలు చేయాలి. చెట్లు కొట్టొద్దని కొందరు పౌరులు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. కేసు ఏళ్ళు నడిచింది. 2025 నవంబరు 3న ఆ రోడ్డు మీదే, మీర్జాగూడ దగ్గర, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది చనిపోయారు.

మర్నాడు బల్ల దగ్గరికి పరిగి కుర్రాడు వచ్చిన తీరు నాకు బాగా గుర్తు. చాయ్ ముట్టలేదు. "ఆ రోడ్డు మీదికెల్లే నేను ఊరికి వోత సార్. మా అవ్వ గవే బస్సులల్ల వస్తది. చెట్లు చెట్లు అనుకుంట కేసులు ఏసిరి. మనుషుల కన్న మర్రిచెట్లు ఎక్కువనా?" అన్నాడు. ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పగూడదు కూడా. వాడి కోపం న్యాయమైనది. కాసేపటికి గౌడన్న నెమ్మదిగా అడిగాడు, "చెట్టా రోడ్డా అని నిన్ను నన్ను ఎవడన్న అడిగిండా తమ్మీ? గీత గీసేటోడు ముందుగాల్నే గీత పక్కకు జరిపితే ఏమాయె?" అని.

నిజం అక్కడే ఉంది. చివరికి తేలిందేమిటి? రోడ్డు గీత జరిపి చాలా మర్రులను ఉన్నచోటే ఉంచొచ్చు, కొన్నిటిని మాత్రం తరలిస్తే సరిపోతుంది అన్న దారికే జాతీయ రహదారుల సంస్థ వచ్చింది. మొదటి నక్షా వేసిన రోజే ఆ దారి పొడుగునా ఒక చెట్ల మనిషి నడిచి ఉంటే ఈ మాట అప్పుడే వచ్చేది. చెట్టు వైపు ఒక గుంపు, రోడ్డు వైపు ఒక గుంపు తయారై ఏళ్ళ తరబడి ఒకరినొకరు తిట్టుకునే అవసరమే ఉండేది కాదు. రోడ్డు త్వరగా వచ్చేది, మర్రులూ ఉండేవి. ఆలస్యానికి చెట్టును దోషిని చేయడం ఎంత తప్పో, ఆ కుర్రాడి బాధను అభివృద్ధి పిచ్చి అని కొట్టిపారేయడమూ అంతే తప్పు.

తరలించడం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే చెట్టును తరలిస్తున్నామనగానే సమస్య తీరిపోయినట్టు అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మర్రి, రావి, మేడి జాతులకు నాటుకునే గుణం ఉంది, కొమ్మ గుచ్చినా వేరు వేస్తాయి. పెద్ద చింత, పెద్ద వేప అలా కాదు. చుట్టూ కందకం తవ్వి, వేర్లు శుభ్రంగా కోసి, మట్టిముద్ద విడిపోకుండా గోనెపట్టా చుట్టి, కొన్ని వారాలు ఆగి కొత్త పిల్లవేర్లు వచ్చాక క్రేనుతో ఎత్తాలి. ఎత్తడం పేపర్లో ఫొటోగా వస్తుంది. ఆ తర్వాత రెండు వేసవులు నీళ్ళు పోయడం ఎవరి ఫొటోలోనూ రాదు. ట్యాంకరు మనిషికి జీతం ఆగిపోయిన నెలలోనే చెట్టు ఎండుతుంది. తెలిసినవాణ్ణి అడగకపోతే ఏమవుతుందో చూడాలంటే, ఇంగ్లండులో షెఫీల్డ్ అనే ఊరుంది. రోడ్ల మరమ్మతు కాంట్రాక్టు పేరుతో అక్కడ వేల వీధి చెట్లు కొట్టేశారు, 2014 నుంచి 2018 దాకా జనం తిరగబడ్డారు, పోలీసు అరెస్టులూ అయ్యాయి. మధ్యలో నిపుణులతో ఒక స్వతంత్ర కమిటీ వేశారు. చాలా చెట్లను కొట్టకుండా రోడ్డు బాగుచేయొచ్చని కమిటీ చెబితే, నగరపాలక మండలి ఆ సలహాలు చాలామటుకు పక్కన పెట్టింది. 2023లో విచారణ నివేదిక వచ్చాక క్షమాపణ చెప్పుకుంది. పనితనం తెలిసినవాడి మాట వినకపోవడం మన ఒక్కరి జబ్బు కాదన్నమాట.

చెట్టును కాపాడటం మాట వస్తే గౌడన్నకు తమ జిల్లా పిల్లలమర్రి గుర్తొస్తుంది. మహబూబ్‌నగర్ పక్కన ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే మర్రి. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగింది. చెదలు లోపల తొలిచేశాయి. చూడవచ్చినవాళ్ళు ఊడల మీద ఊగడం, బెరడు మీద పేర్లు చెక్కడం వల్ల కూడా చెట్టు నలిగింది. అటవీశాఖవాళ్ళు సందర్శకులను ఆపి, కొమ్మలకు ఆసరాలు కట్టి, 2018లో చెదల మందు నీళ్ళలో కలిపి సెలైను సీసాలతో కాండంలోకి చుక్క చుక్కగా ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. ఒక చెట్టు కోసం ప్రభుత్వం అంత ఓపికగా పనిచేసిందంటే చేయగలదనేగా అర్థం. పాతబస్తీ చెట్లకు మాత్రం అంత పేరు లేదు.

పేరున్నది ఒక్కటుంది. మూసీకి అవతలి గట్టున, అఫ్జల్‌గంజ్ వైపు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింత. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పరీవాహకంలోని చెరువుల్లో 221 తెగాయని తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కకట్టాడు. దాదాపు 15,000 మంది చనిపోయారు. ఆ రోజు ఈ చింత కొమ్మలు పట్టుకుని సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్నాడు. ఆ దెబ్బకే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు.

బల్ల దగ్గర ఈ చింత మాట వస్తే భక్తితో చేతులు జోడించి ఊరుకోరు, రాజకీయంలోకి దిగుతారు. "చెట్టు నూటయాభై మందిని కాపాడింది సరే, చెరువులు తెగకుండ చూసుకోవలసింది ఎవరు?" అంటాడు చిచ్చా. అక్కడినుంచి చెరువుల్లో ఇళ్ళు, హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ కూల్చివేతలు, ఆ జంట జలాశయాల రక్షణకు 1996లో తెచ్చిన 111 జీవో, దాని ఆంక్షలను 2022లో ఎత్తేయడం, అన్నీ వరసగా వస్తాయి. 2025 సెప్టెంబరు చివర్లో జలాశయాల గేట్లు ఎత్తితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి మూసీ వచ్చింది. గట్టున ఇల్లున్న ఒక కూలీ, నది బాగుచేత కోసం ఇల్లు తీసేయాలని అధికారులు 2024లో తన గోడ మీద పెట్టిన ఎర్ర గుర్తు గురించి చెబుతాడు. నది బాగుపడాలని వాడికీ ఉంది. ఇల్లు పోకూడదనీ ఉంది. ఈ రెండు కోరికలూ ఒకే మనిషిలో ఉండటం తప్పు కాదని ఆ బల్ల దగ్గర అందరికీ తెలుసు. అందుకే అక్కడ ఎవరూ ఎవరినీ ద్రోహి అనరు. గొంతులు పెరుగుతాయి, బల్ల గుద్దుతారు, తర్వాత వన్ బై టూ చాయ్ చెప్పి అదే మోకు ఇద్దరూ పట్టుకుని పనికి పోతారు. మోకు కింద పట్టుకున్నవాడి మీద నమ్మకం లేకుండా పైవాడు కొమ్మ మీద అడుగు వేయలేడు.

ఏటా సెప్టెంబరు 28న ఆ చింత కింద నగర ప్రేమికులు సమావేశమై వరదలో పోయినవాళ్ళను తలుచుకుంటారు. చరిత్రకారులు, పర్యావరణవేత్తలు, కవులు మాట్లాడతారు. వాళ్ళకు నాదొక విన్నపం. ఈసారి ఆ చెట్టును ఎక్కి, ఎండుకొమ్మ తీసి, తొర్ర ఎంత లోతుందో చేయి పెట్టి చూసిన మనిషిని పిలవండి. చెట్టు ఇంకెన్నేళ్ళు ఉంటుంది, ఏ వైపు బరువుంది, ఆసరా ఎక్కడ పెట్టాలి, మొదట్లో ఎంత మేర నేల వదలాలి, చెప్పమనండి. ఆసుపత్రి పాత భవనం భవిష్యత్తేమిటన్న వాదన నడుస్తున్న రోజులివి. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన కూడా అయింది. రేపు ఆ ఆవరణలో ఏ పని మొదలుపెట్టినా, నక్షా బల్ల మీద పరిచిన రోజున చిచ్చాకూ, గౌడన్నకూ, మాలీ తాతకూ అక్కడ కుర్చీ వేయండి. ఆ రోజు కూలీ కూడా కట్టివ్వండి. పని మానుకుని రావాలి కదా.